"ఇది ఒకప్పుడు ఫలానా రేసర్‌ది" అని అమ్మేవారు చెబితే: పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు చరిత్రను నిగ్గుతేల్చడం ఎలా

1930 మార్చిలో వుల్ఫ్ బార్నాటో ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని కాన్ పట్టణంలో ఒక పందెం కాశాడు. 'బ్లూ ట్రెయిన్' అని పిలిచే రైలు కలే రేవుకు చేరేలోపు తన బెంట్లీ స్పీడ్ సిక్స్‌లో లండన్‌లోని తన క్లబ్బుకు చేరుకుంటానన్నాడు, చేరుకున్నాడు. ఆయన లె మాన్ 24 గంటల రేసును 1928, 1929, 1930లో వరుసగా గెలిచిన డ్రైవర్, బెంట్లీ కంపెనీకి ఛైర్మన్ కూడా. ఆ పందెం నెగ్గిన కారు ఇదేనంటూ గర్నీ నటింగ్ సంస్థ బాడీ కట్టిన ఒక అందమైన కూపేను దశాబ్దాలపాటు అందరూ చూపించారు. రైలుతో పోటీపడి పరుగెడుతున్నట్టు చిత్రకారులు గీసిందీ దాన్నే. ఆ కూపే బార్నాటోదే, అందులో సందేహం లేదు. కాకపోతే అది ఆయన చేతికి వచ్చింది 1930 మే నెలలో. పందెం జరిగింది మార్చిలో. ఆ రాత్రి ఆయన నడిపింది ఎచ్.జె. మలినర్ బాడీ ఉన్న మరో స్పీడ్ సిక్స్ సెలూన్.

అన్నేళ్లు నిలిచిన ఆ పొరపాటు బయటపడడానికి కావలసింది రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడడమే. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతికి మూలం కూడా అదే: ముందు తేదీలు, ఆ తర్వాతే కథ. బ్రిటన్‌లో స్థిరపడి పాత కారు కొనాలనుకుంటున్న తెలుగువారికైనా, వేలం కేటలాగులు ఇష్టంగా చదివేవారికైనా ఇది పనికొస్తుంది. ఉదాహరణగా ఎక్కువగా జాగ్వార్ ఎక్స్‌కే 120ని తీసుకుంటున్నాను. 1948 అక్టోబరులో లండన్ ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనలో బయటకొచ్చిన ఈ కారులో 3,442 సీసీ ఆరు సిలిండర్ల ఇంజిన్ ఉండేది. 1954 వరకు దాదాపు 12,000 తయారయ్యాయి. ఆనాటి పేరున్న డ్రైవర్లు చాలామంది దీన్ని నడిపారు. అందుకే 'ఫలానా రేసర్ కారు' అనే మాట దీని చుట్టూ ఎక్కువగా వినిపిస్తుంది.

మొదటి అడుగు: అమ్మేవారి వాక్యాన్ని ముక్కలు చేయండి

'రేసర్ కారు' అనే ఒక్క మాటలో కనీసం నాలుగు వేర్వేరు సంగతులు దాగి ఉంటాయి. ఆయన డబ్బు పెట్టి కొన్నాడా? ఆయన పేరిట రిజిస్టర్ అయిందా? అందులో రేసుకు దిగాడా? లేక ఏదో ఒక రోజు నడిపి చూశాడా? వీటిలో ఒకటి నిజమైనంత మాత్రాన మిగతావి నిజం కావు.

జేడబ్ల్యూకే 988 నంబరున్న ఎక్స్‌కే 120నే చూడండి. 1950 సెప్టెంబరు 16న ఉత్తర ఐర్లండ్‌లోని డండ్రాడ్‌లో, జోరువానలో, బ్రిటిష్ రేసర్ స్టిర్లింగ్ మాస్ టూరిస్ట్ ట్రోఫీ రేసు గెలిచింది ఆ కారులోనే. మర్నాడు ఆయనకు 21 ఏళ్లు నిండాయి. ఆ గెలుపు ఆయన జీవితాన్నే మలుపు తిప్పింది. కానీ కారు మాత్రం టామీ విజ్‌డమ్‌ది. ఆయన పాత్రికేయుడు, తానూ రేసులు నడిపినవాడు. ఆ రోజు కారును మాస్‌కు ఇచ్చాడు. 'మాస్ గెలిచిన కారు' అంటే సరైన మాట, 'మాస్ సొంత కారు' అంటే తప్పు.

ఎల్‌డబ్ల్యూకే 707 నంబరున్న మరో ఎక్స్‌కే 120 సంగతీ అలాంటిదే. 1952 ఆగస్టులో పారిస్ దగ్గరి మోంట్లేరీ ట్రాక్ మీద మాస్, లెస్లీ జాన్సన్, జాక్ ఫెయిర్‌మన్, బర్ట్ హ్యాడ్లీ వంతులవారీగా ఏడు పగళ్లు, ఏడు రాత్రులు దాన్ని నడిపారు. గంటకు సగటున 100.31 మైళ్ల వేగంతో 16,851 మైళ్లు తిరిగింది. నలుగురు గొప్ప డ్రైవర్ల చేతులు పడినా అది వాళ్లెవరి సొంత కారూ కాదు, కంపెనీ కారు.

కాబట్టి ఒక కాగితం తీసుకుని అమ్మేవారి మాటను చిన్న చిన్న వాక్యాలుగా రాయండి. ప్రతి వాక్యం ఎదుట 'ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు' అని రెండు గడులు గీయండి. 'యాభైల తొలినాళ్లలో' వంటి మాటలను ఆ గడుల్లోకి రానివ్వకండి. తేదీ చెప్పలేకపోతే గడి ఖాళీగానే ఉండాలి. మున్ముందు చేసే పనంతా ఆ గడులను నింపడమే.

రెండో అడుగు: నంబరు ప్లేటును చదవండి, కానీ దాన్ని నమ్మి ఆగిపోకండి

పాత బ్రిటిష్ నంబర్లలో ఊరి గుర్తు ఉంటుంది. మూడక్షరాల నంబరులో చివరి రెండక్షరాలు ఏ స్థానిక కౌన్సిల్ ఆ నంబరు ఇచ్చిందో చెబుతాయి. డబ్ల్యూకే అంటే కోవెంట్రీ, అంటే జాగ్వార్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు. యూబీ అంటే లీడ్స్. ర్యాలీ డ్రైవర్ ఇయాన్ ఆపిల్‌యార్డ్ కారు ఎన్‌యూబీ 120కి లీడ్స్ నంబరు ఎందుకు వచ్చిందంటే, ఆయన ఆ ఊరివాడు కాబట్టి. డ్రైవర్ అప్పట్లో ఎక్కడ ఉండేవాడో, ప్లేటు ఏ ఊరు చెబుతోందో సరిపోల్చడం ఐదు నిమిషాల పని. పొంతన లేనంత మాత్రాన కథ అబద్ధమని కాదు, కారణం వెతకాలని.

అక్కడే ఆగితే మోసపోతారు. బ్రిటన్‌లో నంబరును కారు నుంచి విడదీసి అమ్ముకోవచ్చు, మరో కారుకు మార్చుకోవచ్చు. ఎక్స్‌కే 120లలో ఎక్కువ భాగం అమెరికాకు ఎగుమతి అయ్యాయి. అక్కడి నుంచి తిరిగి వచ్చిన కారుకు, దాని వయసుకు తగ్గట్టు, ఎప్పుడూ ఎవరికీ ఇవ్వని పాతకాలపు వరుసలోంచి ఒక నంబరు ఇస్తారు. అది చూడడానికి 1951 నాటిదిలా ఉంటుంది, ఇచ్చింది నిన్నో మొన్నో అయివుంటుంది. రేసు, ర్యాలీ జట్లు అవసరాన్ని బట్టి ఒక కారు ప్లేటును మరో కారుకు బిగించిన సందర్భాలూ ఉన్నాయి. ఆపిల్‌యార్డ్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. 1953లో ఆయన మరో ఎక్స్‌కే 120 వాడాడు, దాని నంబరు ఆర్‌యూబీ 120. మసకబారిన ఫొటోలో ఈ రెండింటికీ ఒక్క అక్షరమే తేడా.

మూడో అడుగు: ఫ్యాక్టరీ రికార్డు తెప్పించుకోండి

జాగ్వార్ కార్లకు జాగ్వార్ డెయిమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ ధ్రువపత్రం ఇస్తుంది. ఎంజీ, ఆస్టిన్ హీలీ వంటి చాలా బ్రిటిష్ కార్ల రికార్డులు గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో ఉన్నాయి. జాగ్వార్ పత్రంలో ఛాసిస్ (కారు కింది ఇనుప చట్రం), ఇంజిన్, బాడీ, గేర్‌బాక్స్ నంబర్లు, మొదటి రంగు, లోపలి తోలు రంగు, తయారైన తేదీ, ఫ్యాక్టరీ దాటిన తేదీ, ఏ డీలరుకు పంపారు అన్న వివరాలు ఉంటాయి. కొన్నిసార్లు మొదటి యజమాని పేరు, మొదటి నంబరు కూడా దొరుకుతాయి.

ఒక హెచ్చరిక. ఈ పత్రం కారు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు వరకే సాక్ష్యం. మూడో యజమానిగా రేసర్ కొన్నాడని చెబితే దాని గురించి ఇది ఒక్క ముక్క కూడా చెప్పదు. అమ్మేవారు ఈ పత్రాన్ని చూపించి 'చరిత్ర మొత్తం రుజువైంది' అంటే ఒప్పుకోకండి. పత్రం కాపీ చాలదు, కారు నంబరుతో మీరే మళ్లీ దరఖాస్తు చేయించి కొత్తది తెప్పించుకోండి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది పంపిన తేదీ. రేసర్ ఈ కారుతో ఫలానా నెలలో పోటీ చేశాడంటున్నారా? అయితే ఆ నెలకు కారు ఫ్యాక్టరీ దాటి ఉండాలి. పేరు మోసిన చాలా కథలు ఈ ఒక్క ప్రశ్న దగ్గరే కూలిపోతాయి.

నాలుగో అడుగు: ఇనుమును, అల్యూమినియాన్ని అడగండి

ఇప్పుడు కారు దగ్గరికి వెళ్దాం. టార్చిలైటు, చిన్న అద్దం, అయస్కాంతం, కెమెరా ఉంటే చాలు. ఆ మోడల్ మీద ఏళ్లుగా పనిచేసిన మెకానిక్ పక్కన ఉంటే ఇంకా మంచిది.

ఎక్స్‌కే 120 ఛాసిస్ నంబర్లకు ఒక క్రమం ఉంది. కుడివైపు స్టీరింగ్ ఉన్న ఓపెన్ కార్లు 660001 నుంచి, ఎడమవైపువి 670001 నుంచి మొదలవుతాయి. కూపేలు 669001, 679001 నుంచి. మడత టాప్ ఉన్న డ్రాప్‌హెడ్‌లు 667001, 677001 నుంచి. ఇంగ్లండ్‌లో రేసు చేసిన కుడివైపు స్టీరింగ్ కారు అని చెబుతూ ఛాసిస్ నంబరు 67తో మొదలైతే, ఆ కారు స్టీరింగును తర్వాత మార్చారన్నమాట. అది నేరం కాదు, చాలామంది చేసిందే. కాని ఆ కథకు అది గట్టి దెబ్బ.

ఇంజిన్ గదిలో బిగించిన నంబర్ల పలకను చూసి మురిసిపోకండి. అలాంటి పలకలు కొత్తవి బజారులో దొరుకుతాయి, నంబరు కొట్టుకోవడమే తరువాయి. ఛాసిస్ ఫ్రేము మీద నేరుగా కొట్టిన నంబరును వెతకండి. దాని చుట్టూ గ్రైండర్ గీతలు ఉన్నాయా, అంకెల లోతు ఒకేలా ఉందా, అంకెల తీరు అదే కాలపు మరో కారుతో కలుస్తోందా చూడండి. ఇంజిన్ నంబరు బ్లాకు మీద, ఆయిల్ ఫిల్టర్‌కు పైన ఉంటుంది. సిలిండర్ హెడ్ మీద కూడా కొడతారు. రెండూ ఒకటేనా?

ఇంజిన్ మారిపోయి ఉంటే సాధారణ కారుకు విలువ తగ్గుతుంది. రేసు కారు విషయంలో నా అంచనా వేరు. గట్టిగా పోటీ చేసిన కారుకు ఇంజినో, గేర్‌బాక్సో మారడం సహజం. పదుల రేసులు చేసిందని చెప్పే కారులో ప్రతి నంబరూ ఫ్యాక్టరీ కాగితంతో సరిపోయి, ఎక్కడా అతుకు, పాత రంధ్రం, తిరిగి కట్టిన గుర్తు లేకపోతే నేను మరింత జాగ్రత్తగా చూస్తాను.

అయస్కాంతం వాడే తీరు తెలియక చాలామంది పొరబడుతుంటారు. మొదటి దాదాపు 240 ఎక్స్‌కే 120లకు చెక్క ఫ్రేము మీద అల్యూమినియం బాడీ ఉండేది. ఎంపిక చేసిన డ్రైవర్లకు ఫ్యాక్టరీ ప్రత్యేకంగా సిద్ధం చేసి ఇచ్చిన ఆరు కార్లు కూడా ఈ రకమే. అందుకే అమ్మేవారు డోర్ మీద అయస్కాంతం పెట్టి అంటుకోవడం లేదని చూపిస్తారు. తర్వాత వచ్చిన స్టీలు బాడీ కార్లకు కూడా డోర్లు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియంతోనే చేశారు! పరీక్షించాల్సింది మడ్‌గార్డుల దగ్గర. అక్కడా అంటుకోకపోతే డోర్ చుట్టూ ఉన్న నిర్మాణంలో చెక్క ఉందో లేదో చూడాలి, ఎందుకంటే కొత్త అల్యూమినియం మడ్‌గార్డులు ఎవరైనా చేయించుకోవచ్చు.

రేసు జీవితం లోహం మీద చిన్న చిన్న గుర్తులు వదులుతుంది. బానెట్ తోలు పట్టీలు బిగించిన రంధ్రాలు, బ్రేకులకు గాలి తగలడానికి కోసిన కంతలు, చిన్న గాలి అద్దాల కోసం వేసిన రంధ్రాలను పూడ్చిన ఆనవాళ్లు చూడండి. అన్నిటినీ కొలతతో సహా ఫొటో తీయండి. తర్వాతి అడుగులో వీటి అవసరం పడుతుంది.

ఐదో అడుగు: కాగితాల గొలుసు

బ్రిటన్‌లో ఇప్పుడు స్వాన్సీలోని డీవీఎల్‌ఏ అనే ప్రభుత్వ సంస్థ కారు రికార్డులను చూస్తుంది. అది ఇచ్చే వీ5సీ అనే రిజిస్ట్రేషన్ పత్రంలో ఉండేది 'నమోదైన కీపర్' పేరు, అంటే కారుకు బాధ్యత వహించే వ్యక్తి పేరు. అది యాజమాన్యానికి రుజువు కాదని ఆ పత్రం మీదే రాసి ఉంటుంది. కంపెనీ కారును డ్రైవర్ తన పేరిట నమోదు చేసుకుని ఉండవచ్చు, లేదా డ్రైవర్ సొంత కారు గరాజు పేరిట ఉండవచ్చు.

అంతకుముందు కౌన్సిళ్లు ఇచ్చిన పాత లాగ్‌బుక్‌లు మనకు బంగారం. అందులో యజమానుల పేర్లు, చిరునామాలు, మారిన తేదీలు, కౌన్సిల్ ముద్రలు వరుసగా ఉంటాయి. పుస్తకం నిండిపోయాక ఇచ్చిన కొత్త పుస్తకంలో పాత పేర్లు కనిపించకపోవచ్చు కనుక, చేతిలో ఉన్నది మొదటి పుస్తకమో కాదో చూడండి. లాగ్‌బుక్ పోయిన కారుకు దారి మూసుకుపోలేదు. చాలా కౌంటీ ఆర్కైవ్‌లలో పాత రిజిస్ట్రేషన్ పుస్తకాలు మిగిలాయి. నంబరు చెబితే మొదట ఎవరి పేరిట నమోదైందో వెతికి చెప్పే అవకాశం ఉంది.

గొలుసును ఇవాళ్టి యజమాని నుంచి వెనక్కి కట్టుకుంటూ వెళ్లండి, రేసర్ నుంచి ముందుకు కాదు. రేసర్ దగ్గర మొదలుపెడితే మనసు కథతో పాటు పరుగెడుతుంది. వెనక్కి వెళ్తే ప్రతి లంకెకూ కాగితం అడగవలసి వస్తుంది: అమ్మకపు రసీదు, బీమా పత్రం, మరమ్మతు బిల్లు, ఉత్తరం. మధ్యలో పదేళ్ల ఖాళీ ఉంటే 'ఖాళీ' అనే రాసుకోండి. ఖాళీని ఊహతో పూడ్చడం వల్లనే ఒకే రేసు కారు పేరుతో రెండు కార్లు తిరిగే పరిస్థితి వస్తుంది.

డ్రైవర్ కుటుంబ సభ్యులో, పాత మెకానిక్కో రాసిచ్చిన ఉత్తరాలు తరచుగా ఫైల్లో ఉంటాయి. వాటిని గౌరవంగా చదవండి, కానీ ఎప్పుడు రాశారో చూడండి. సంఘటన జరిగిన వారంలో రాసిన రెండు వాక్యాల బిల్లు, యాభై ఏళ్ల తర్వాత రాసిన రెండు పేజీల జ్ఞాపకం కన్నా బలమైనది. మీరే ఎవరినైనా అడిగే అవకాశం వస్తే కారు ఫొటో ముందే చూపించకండి. 'ఆ కారు రంగు ఏమిటి? ఎప్పుడు అమ్మారు?' అని అడిగి, వారు చెప్పింది రాసుకున్న తర్వాతే ఫొటో బయటకు తీయండి.

ఆరో అడుగు: ఆనాటి పత్రికలు, ఫొటోలు

'మోటార్ స్పోర్ట్' పత్రిక 1924 నుంచి, 'ఆటోస్పోర్ట్' 1950 నుంచి వస్తున్నాయి. 'ఆటోకార్', 'ది మోటార్' అంతకన్నా పాతవి. రేసు నివేదికలో డ్రైవర్ పేరు, కారు మోడల్ దొరుకుతాయి గాని ఛాసిస్ నంబరు దాదాపుగా దొరకదు. రేసు ప్రోగ్రాం పుస్తకంలోని ఎంట్రీ జాబితాలో 'ప్రవేశం నమోదు చేసినవారు' అనే వరుస వేరుగా ఉంటే దాన్ని ముందు చదవండి. కారు ఎవరిదో చెప్పే తొలి ఆధారం చాలాసార్లు అదే.

ఫొటోల్లో కారు మొత్తాన్ని కాకుండా, మారడానికి వీల్లేని చిన్న వివరాలను చూడాలి: బానెట్ మీది రంధ్రాల స్థానం, అదనపు దీపం బిగించిన చోటు, చేత్తో కట్టిన అల్యూమినియం మడ్‌గార్డు వంపులో చిన్న తేడా. కారు దగ్గర మీరు తీసిన ఫొటోలను వీటి పక్కన పెట్టండి. రంగు విషయంలో తొందరపడకండి. 1949 ఆగస్టులో సిల్వర్‌స్టోన్ ప్రొడక్షన్ కార్ల రేసుకు జాగ్వార్ మూడు ఎక్స్‌కే 120లను ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో పంపింది. లెస్లీ జాన్సన్ గెలిచాడు, పీటర్ వాకర్ రెండో స్థానంలో వచ్చాడు, సయాం యువరాజు బీరా కారు టైరు పగిలి ఆగిపోయింది. నలుపు తెలుపు ఫొటోలో ఎరుపు, నీలం రెండూ ఒకే బూడిద రంగులా కనిపించవచ్చు.

ఏడో అడుగు: ఎంత మారినా అదే కారా?

ఇది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. దీనికి లండన్ హైకోర్టు 1990లో ఒక సమాధానం ఇచ్చింది. బెంట్లీ జట్టు కారు 'ఓల్డ్ నంబర్ వన్' లె మాన్‌లో 1929లోనూ 1930లోనూ గెలిచింది. రెండుసార్లూ స్టీరింగ్ పట్టిన ఇద్దరిలో ఒకరు బార్నాటో. ఆ తర్వాత అది ఎన్నో మార్పులకు లోనైంది. 8 లీటర్ల ఇంజిన్ పెట్టారు. 1932లో బ్రూక్‌లాండ్స్ 500 మైళ్ల రేసులో జరిగిన ప్రమాదంలో క్లైవ్ డన్‌ఫీ ప్రాణాలు కోల్పోయాడు. కారును మళ్లీ కట్టారు. దశాబ్దాల తర్వాత కోటి పౌండ్లకు బేరం కుదిరాక, కొనేవారు ఇది అసలు కారే కాదంటూ వెనక్కి తగ్గారు.

న్యాయమూర్తి ఓటన్ తీర్పు జాగ్రత్తగా చదవదగినది. 1929లో గీత దాటిన లోహంలో మిగిలింది తక్కువే కనుక ఆ అర్థంలో దాన్ని 'ఒరిజినల్' అనలేమన్నారు. అయితే ఆ కారు ఎక్కడా విరిగి రెండు కార్లు కాలేదు, దాని స్థానంలో మరొకటి రాలేదు, వరుస తెగకుండా మారుతూ వచ్చింది. కాబట్టి అది నిజమైన ఓల్డ్ నంబర్ వన్ అని తేల్చారు. బేరం నిలబడింది.

ఆ తీర్పు నుంచి మనం అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ కారు ఉనికి ఎక్కడైనా తెగిందా? ప్రమాదం తర్వాత పాత ఛాసిస్‌ను పారేసి కొత్తదానికి నంబరు కొట్టారా? తీసేసిన పాత ఛాసిస్ మరెక్కడైనా బతికి ఉందా? ఈ చివరి ప్రశ్న మరవకండి. ఎవరో ఆ పాత ఫ్రేముతో మరో కారు కట్టి, దానికీ అదే పేరు పెట్టి ఉండవచ్చు. ఆ మోడల్ క్లబ్బులో నంబర్ల జాబితా చూసే వ్యక్తికి ఒక ఉత్తరం రాసి, ఇదే ఛాసిస్ నంబరు ఇంకెవరైనా చెప్పుకుంటున్నారేమో అడగండి.

ఎనిమిదో అడుగు: డబ్బు, ఒప్పందం

కారు ధరను రెండు భాగాలుగా చూడండి. రేసర్ పేరు లేకుండా, ఇదే స్థితిలో ఉన్న ఇదే మోడల్ ఎంతకు వస్తుంది? ఆ పైన అడుగుతున్న మొత్తం పేరు కోసం. మీ కాగితంలో ఎన్ని గడులు నిండాయో దాన్ని బట్టే ఆ రెండో మొత్తం ఇవ్వండి. 'యజమాని' వాక్యానికి ఆధారం లేక, 'ఒకసారి నడిపాడు' అన్నదానికి మాత్రమే ఫొటో ఉంటే, నడిపిన కారు ధరే ఇవ్వాలి.

చరిత్రాత్మక రేసుల కోసం అంతర్జాతీయ మోటార్ క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ ఇచ్చే సాంకేతిక పాస్‌పోర్టును చరిత్రకు రుజువుగా తీసుకోవద్దు. కారు ఆ కాలపు సాంకేతిక నిబంధనలకు సరిపోతోందని మాత్రమే అది చెబుతుంది.

కీలకమైన మాటలు అమ్మకపు ఒప్పందంలోకి రావాలి: 'ఈ ఛాసిస్ నంబరు గల కారు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫలానా డ్రైవర్ సొంతం' అని. బ్రిటన్‌లో 1979 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల మధ్య అమ్మకంలో వస్తువు వర్ణనకు తగ్గట్టు ఉండాలి. కానీ ఆ వర్ణన నోటిమాటగా మిగిలితే కోర్టులో నిలబెట్టడం కష్టం. అమ్మేవారు ఈ వాక్యం రాయడానికి వెనుకాడితే, 'అని నమ్ముతున్నాం' అంటూ దాన్ని మెత్తబరిస్తే, ధర కూడా అంతే మెత్తబడాలి. వేలంలో కొనేటప్పుడు కేటలాగు చివరి షరతుల పేజీని, కారు వర్ణన కన్నా ముందు చదవండి. వర్ణనకు తమ బాధ్యత ఎంతవరకో వేలం సంస్థ చెప్పేది అక్కడే.

కొన్నాక ఫైలు మీ చేతికి వస్తుంది. అసలు కాగితాలను ఆమ్లం లేని కవర్లలో పెట్టి, స్కాన్ కాపీలను క్లబ్బు రికార్డుకు పంపండి. మరమ్మతులో తీసేసిన ప్రతి పాత భాగానికీ తేదీ, స్థానం రాసిన చీటీ కట్టి దాచండి. తీయకముందు, తీసిన తర్వాత ఫొటోలు ఉంచండి. మీకు దొరకని లంకెలను, ఖాళీగా మిగిలిన గడులను కూడా అలాగే ఫైల్లో రాసి పెట్టండి. తర్వాత కొనే వ్యక్తి అక్కడి నుంచే వెతకడం మొదలుపెడతారు.